గోడలో కప్ప

మా ఇంటి ముందుగది కిటికీ రెక్కలు తెరుచుకునే రకం కాదు. పైన ఒక అద్దపు చట్రం, కింద ఒక అద్దపు చట్రం. రెండూ వేరువేరు గాడుల్లో, ఒకదాని వెనక ఒకటి, పైకీ కిందికీ జారతాయి. దాన్ని సాష్ కిటికీ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకది ఎత్తే కిటికీ. నిద్ర లేవగానే నాన్న చేసే మొదటి పని దాన్ని ఎత్తడమే. నేను పక్క మీద కళ్లు మూసుకునే ఆ చప్పుళ్లన్నీ వరుసగా వినేవాణ్ణి. ముందు గడియ తిప్పిన కిర్రు. ఆ వెంటనే కప్పీ మీద తాడు పాకే సన్నటి గరగర. తర్వాత గోడ లోపల ఏదో బరువైనది మెల్లగా దిగుతున్న అలికిడి. అన్నిటికన్నా చివర, ఎడమ పక్క నుంచి చిన్నగా ఒక "టంగ్".

ఆ టంగ్ ఏమిటని ఒక రోజు అడిగాను.

"గోడలో కప్ప ఉందిరా" అన్నారు నాన్న. అలా అంటూ నవ్వలేదు కూడా.

నాకప్పుడు ఏడేళ్లు. నమ్మాను. అక్కకు పదేళ్లు, అయినా నమ్మింది. కప్ప టంగ్‌మంటుందా అని మాకు అనుమానం రాలేదు. గోడలో ఉండే కప్పలు అలాగే అరుస్తాయేమో అనుకున్నాం. అది అంత చీకట్లో ఏం తిని బతుకుతుందో అని అక్క కొన్నాళ్లు దిగులు పడింది.

కప్ప ఉండేంత చోటు గోడలో ఉందని నమ్మడానికి నాకు కారణం ఉంది. అంతకు ముందు ఏడాది వెనక గది కిటికీ తాడు తెగింది. చట్రం ఒక వైపు ఒరిగి ఇరుక్కుపోయింది. నాన్న ఒక ఆదివారం దాన్ని విప్పుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. లోపలి అంచున ఉన్న సన్నటి బద్దను ఉలితో, అంగుళం అంగుళం, మధ్య నుంచి మొదలుపెట్టి ఊడదీశారు. మధ్యలో బద్ద వంగుతుంది కాబట్టి మేకులు వాటంతట అవే వదులవుతాయి, చివర్ల నుంచి మొదలుపెడితే విరుగుతుంది అని చెప్పారు. బద్ద రాగానే కింది చట్రం మొత్తం చేతుల్లోకి వచ్చేసింది. అప్పుడు, పక్క నిలువు చెక్కలో కింది వైపు, నేను ఎన్నడూ గమనించని ఒక సన్నటి గీతను చూపించారు. ఆ గీత వెంట కత్తి మొన దూర్చి లాగితే జానెడు చెక్క ముక్క ఊడి వచ్చింది. దాని వెనక చీకటి గూడు. నాన్న చెయ్యి పెట్టి అందులోంచి నా ముంజేయంత పొడవున్న పోత ఇనుప గుండును బయటికి తీశారు. నా ఒళ్లో పెట్టారు. చల్లగా, తుప్పు వాసనతో, నేను ఊహించిన దానికన్నా ఎంతో బరువుగా ఉంది.

"చట్రం ఎంత బరువో గోడలో అంత బరువు. అందుకే రెండు వేళ్లతో లేస్తుంది, వదిలిన చోట ఆగుతుంది" అన్నారు.

ఒక్కో చట్రానికి రెండు తాళ్లు, రెండు కప్పీలు, రెండు గుండ్లు. అంటే ఒక కిటికీకి నాలుగు గుండ్లు. పై చట్రానికి కట్టినవి చట్రం కన్నా కాస్త బరువు ఎక్కువ, అది పైన గట్టిగా ఆని ఉండటానికి. కింది చట్రానికి కట్టినవి కాస్త తక్కువ, అది కిందికి ఆని మూసుకోవడానికి. ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా గూడు మధ్యలో ఒక పల్చటి చెక్క వేలాడుతుంది. ఇంత ఏర్పాటు గోడలో దాగి ఉందని తెలిసిన రోజు నుంచి ఆ ఇల్లు నాకు వేరేగా కనిపించింది.

ఆ రోజు నాన్న అన్న ఇంకో మాట ఉంది. ఊడిన చెక్క ముక్కను నాకు చూపిస్తూ, "తాడు ఏదో ఒక రోజు తెగుతుందని దీన్ని చేసినవాడికి తెలుసు. అందుకే మనకోసం ఈ తలుపు పెట్టి వెళ్లాడు" అన్నారు. ఎవరో ముక్కూ ముఖం తెలియని వడ్రంగి, మేము పుట్టక ముందే, మా కోసం తలుపు పెట్టి వెళ్లడం. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరమే తాళం గొడవ జరిగింది. సామాన్ల గదికి ఒక పాత ఇత్తడి తాళం ఉండేది. అరచేతిలో పట్టనంత పెద్దది. దాని చెవి ఒక్కటే. దాన్ని అక్క ఆడుకుంటూ ఎక్కడో పోగొట్టింది. ఇల్లంతా, పెరడంతా వెతికాం. దొరకలేదు. నాన్న చివరికి తలుపు గొళ్లేన్ని విప్పి గది తెరిచారు. తాళం మాత్రం మూసుకున్నది మూసుకున్నట్టే మిగిలిపోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. అయినా అక్క రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. బల్ల మీద ఆ తాళం కనబడినప్పుడల్లా కళ్లలో నీళ్లు పెట్టుకునేది. అది చూసి నాన్న తాళాన్ని అక్కడి నుంచి తీసేశారు. "దీనికి వేరే పని చూస్తానులే" అని అక్క తల నిమిరారు. తర్వాత అది మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అదే ఏడు గాలివానకు ముందుగది కిటికీ కింది అద్దం పగిలింది. మేము ఊళ్లో లేని వారంలో నాన్న కొత్త అద్దం వేయించారు.

ఏటా వానలకు ముందు నాన్న కిటికీల పని పెట్టుకునేవారు. దానికోసం నేను ఎదురుచూసేవాణ్ణి. సుద్ద పొడిలో అవిసె నూనె కొద్దికొద్దిగా పోసి, ముద్ద చేసి, చేతికి అంటుకోకుండా వచ్చేదాకా మర్దించడం నా పని. ఆ పుట్టీ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆ వరండా కళ్ల ముందుకొస్తుంది. పాత పుట్టీ ఎండి పెచ్చులు లేచిన చోట నాన్న గీకేసేవారు. వెంటనే కొత్తది పెట్టనిచ్చేవారు కాదు. ఎండిన చెక్క దాహంతో ఉంటుంది, పుట్టీలోని నూనెనంతా తాగేస్తుంది, అప్పుడు పుట్టీ పగులుతుంది అనేవారు. ముందు చెక్కకు అస్తరు, అంటే రంగుకు ముందు వేసే తొలి పూత, పూసి ఆరనివ్వాలి. ఆ తర్వాతే పుట్టీ. అద్దాన్ని పట్టి ఉంచేది పుట్టీ కాదనీ, దాని కింద దాగి ఉన్న తల లేని చిన్న మేకులనీ, పుట్టీ పని నీటిని ఆపడమనీ చెప్పేవారు. పుట్టీ పైపొర గట్టిపడటానికి ఒకటి రెండు వారాలు పట్టేది. రంగు వేసేటప్పుడు కుంచెను అద్దం మీదికి వెంట్రుకవాసి జరిపి, చెక్కకీ అద్దానికీ మధ్య సందు మూసేవారు. నేను చిన్నప్పుడు దాన్ని చేతి తడబాటు అనుకుని తుడవబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ రెండు మిల్లీమీటర్ల రంగే వాన నీరు పుట్టీ వెనక్కి దిగకుండా కాపాడుతుందట.

తాళ్లకు రంగు అంటితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. రంగు ఎండిన తాడు బిరుసెక్కి కప్పీ మీద వంగదు, అక్కడే తెగుతుంది. గాడులకు కొవ్వొత్తి రుద్దేవారు. కిటికీ గడప కింది అంచున పొడవునా ఒక సన్నటి గాడి ఉంటుంది. దానిలో పేరుకున్న పాత రంగును మేకుతో గీకి శుభ్రం చేసేవారు. వాలు మీద నుంచి జారిన నీటి చుక్క ఆ గాడి దగ్గర ఆగి కింద పడుతుంది. గాడి పూడుకుపోతే గోడలోకి పాకుతుంది. ఇంత చిన్న గాడి మీద గోడ ఆరోగ్యం ఆధారపడి ఉందంటే నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఎండాకాలం రాత్రుళ్లు పై చట్రాన్ని జానెడు దించి, కింది చట్రాన్ని జానెడు ఎత్తేవారు. వేడెక్కిన గాలి పై సందులోంచి బయటికి పోయేది, చల్లగాలి కింది సందులోంచి లోపలికి వచ్చేది. రెండు చట్రాలూ కదిలితేనే అది సాధ్యం. చాలా ఇళ్లలో పై చట్రాన్ని రంగుతోనో మేకుతోనో శాశ్వతంగా బిగించేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. సగం కిటికీని చంపేసినట్టే కదా.

పై చట్రంలో మాత్రం పాత అద్దమే ఉండిపోయింది. దాని గుండా చూస్తే ఎదుటి చెట్టు కొమ్మలు నీటిలో నీడల్లా వంకర్లు తిరిగేవి. తల కదిపితే కొమ్మలు ఈదేవి. పాత అద్దం కాలక్రమంలో కిందికి జారి అలలు కడుతుందని ఎవరో చెబితే చాలాకాలం నమ్మాను. అది నిజం కాదు. అద్దాన్ని ఊది, గొట్టంలా చేసి, చీల్చి పరిచే రోజుల్లో తయారీలోనే ఆ అలలు పడేవి. కరిగిన తగరం మీద అద్దాన్ని తేలించి చదునుగా చేసే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. ఆ తర్వాత కిటికీల్లో చెట్లు ఈదడం మానేశాయి.

పై చట్రం కింది మూలల్లో రెండు చిన్న కొమ్ములు కూడా ఉన్నాయి. అవి అలంకారమనుకునేవాణ్ణి. పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. బ్రిటన్‌లో 1845లో అద్దం మీద పన్ను ఎత్తేశాక పెద్ద పలకలు చవకయ్యాయి. మధ్యలో అడ్డు పుల్లలు పోయాయి, ఒక్కో పలక బరువు పెరిగింది. ఆ బరువుకు మూల అతుకు వీడిపోకుండా నిలువు చెక్కను కాస్త కిందికి పొడిగించి వదిలారు. అవే ఆ కొమ్ములు. గుండ్ల పెట్టె గోడలోకి ఎందుకు వెళ్లిందో కూడా అప్పుడే తెలిసింది. 1666లో లండన్ నగరం తగలబడిన తర్వాత బయటికి కనిపించే కర్రను తగ్గించాలని చట్టాలు వచ్చాయి. 1709 నాటి చట్టం కిటికీని గోడ ముఖం నుంచి నాలుగు అంగుళాలు లోపలికి జరపమంది. 1774 నాటిది పెట్టెను ఇటుకల వెనక దాచమంది. మంటకు భయపడి దాచిన ఆ చీకటి గూటిలోనే మా నాన్న కప్ప కాపురం పెట్టింది.

నాన్న పోయాక కిటికీల పని పట్టించుకున్నవాళ్లు లేరు. నేను వేరే చోట ఉద్యోగం, అక్క వేరే చోట. ఒకసారి ఇంటికి రంగులు వేయించినప్పుడు పనివాళ్లు చట్రాల సందుల మీదుగా, బద్దల మీదుగా, తాళ్ల మీదుగా మందంగా రంగు లాగేశారు. కిటికీ మూసుకుపోయింది. పన్నెండేళ్లు తెరవలేదు. నేను వచ్చి వెళుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు. ఇప్పటికీ దానికి బాధపడుతుంటాను.

పోయిన ఏడాది అమ్మ "ముందుగదిలో ఊపిరాడటం లేదు" అంది. కిటికీలు మార్చే వ్యాపారం చేసే ఒకాయన వచ్చి చూశారు. కింది అంచున వేలితో నొక్కారు, రంగు పొర కింద మెత్తగా దిగింది. మొత్తం పుచ్చిపోయింది, తీసి పారేసి కొత్తవి పెట్టాల్సిందే అన్నారు. నేను ఏమీ అనలేదు. ఆయన వెళ్లాక ఒక సన్నటి మేకు తీసుకుని చట్రం చుట్టూ రెండంగుళాలకు ఒకచోట గుచ్చుతూ వచ్చాను. కింది అడ్డ చెక్క ఎడమ మూలలో, అతుకు దగ్గర, నాలుగంగుళాల మేర మాత్రమే మేకు దిగింది. మిగతా అంతటా రాయిలా ఉంది. చెక్క పుచ్చడానికి తేమ నిలవాలి. నీరు ఎక్కువగా తాగేది చెక్క కోసిన అడ్డకొన దగ్గర, అంటే మూల అతుకుల్లో. అందుకే కిటికీ జబ్బు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. నాలుగంగుళాల జబ్బుకు మనిషిని మొత్తం పాతిపెడతామా? అమ్మతో చెప్పాను, నేనే బాగు చేస్తాను, కొన్ని వారాలు పడుతుంది అని. "మీ నాన్న పనిముట్ల పెట్టె మంచం కింద ఉంది" అంది అమ్మ.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది రంగు వదిలించడానికే. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అమెరికా ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించింది. ఇలాంటి ఇంట్లో అట్టడుగు పొరల వయసు అంతకన్నా ఎక్కువే. అందుకే పొడిగా రుద్దలేదు. నీళ్లు చల్లి తడిపి, ముక్కుకు మంచి ముసుగు కట్టుకుని, నేల మీద పట్టా పరిచి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకుండా గీకాను. చట్రానికీ బద్దకీ మధ్య రంగు అతుకు మీద పల్చటి కత్తిని మళ్లీ మళ్లీ నడిపాను. కొట్టలేదు, మీటలేదు. మూడో రోజు సాయంత్రం ఎక్కడో పటుక్కుమంది. చట్రం వెంట్రుకవాసి కదిలింది. ఆ వెంట్రుకవాసి కోసం మూడు రోజులు ఇచ్చినందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

బద్దలను మధ్య నుంచి మొదలుపెట్టే ఊడదీశాను.

పుచ్చిన మూలను గట్టి చెక్క తగిలేదాకా ఏటవాలుగా కోసేశాను. ఏటవాలు ఎందుకంటే అతుకుకు జిగురు పట్టే చోటు పెరుగుతుంది. పాత తలుపు ముక్క ఒకటి అటక మీద దొరికింది. అదే జాతి కర్ర. చార పాత చెక్క చార వెంటే వచ్చేలా కోసి, చిత్రిక పట్టి, పది సార్లు పెట్టి చూసి, జిగురు పూసి బిగించాను. ఆ పాత కర్ర చారలు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో! నిదానంగా పెరిగిన చెట్టు అది. అలాంటి కర్ర ఈ రోజు కొత్త కిటికీల్లో అరుదు. దాన్ని తీసి పారేయమనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు. అస్తరు, పుట్టీ, ఆరబెట్టడం అన్నీ నాన్న క్రమంలోనే. పుట్టీ మర్దించడానికి ఈసారి మా అమ్మాయి కూర్చుంది.

అది ఆరుతుండగా తాళ్లు మార్చడానికి గూళ్లు తెరిచాను. కుడి వైపు గూటిలో గుండుతో పాటు గుడ్డలో చుట్టిన మూట ఒకటి కట్టి ఉంది. విప్పితే పాత బందులు, మేకులు, ఒక ఇనుప ముక్క. ఎడమ వైపు గూటిలోకి చెయ్యి పెట్టాను. గుండు తగిలింది. దాని పక్కన ఇంకేదో, నున్నగా, బండగా వేలాడుతూ తగిలింది. బయటికి లాగాను.

అక్క పోగొట్టిన చెవి తాలూకు ఇత్తడి తాళం. మూసుకున్నది మూసుకున్నట్టే. దాని కొంకిలోంచి తాడు దూర్చి, ఎనిమిది అంకె ముడి వేసి, గుండు నడుముకు కట్టారు నాన్న.

నేల మీద కూర్చుండిపోయాను. తాళంకప్ప! గోడలో కప్ప ఉందని నాన్న చెప్పింది అక్షరాలా నిజం.

కాసేపటికి లెక్క కూడా అర్థమైంది. అద్దం ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. కింది చట్రంలో అద్దం దాదాపు అర చదరపు మీటరు. పాతది మూడు మిల్లీమీటర్లు, నాన్న వేయించింది నాలుగు. అంటే చట్రం బరువు కిలోంబావు పెరిగింది. ఏమీ చెయ్యకపోతే ఎత్తిన చట్రం నిలవదు, మెల్లగా కిందికి జారిపోతుంది. ఆ పెరిగిన బరువును రెండు పక్కలకూ పంచాలి. వంటింటి త్రాసు మీద తాళం పెట్టాను. ఆరువందల ఇరవై గ్రాములు. కుడి వైపు మూట ఆరువందల పది.

అక్కకు ఫోను చేశాను. తాళం గురించి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ తాళం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ గుండె గుబేలుమంటుందిరా. నాన్న దాన్ని పారేశారేమో అనుకున్నాను" అంది.

"పారెయ్యలేదక్కా. ఇన్నేళ్లూ కిటికీని మోస్తూనే ఉంది" అన్నాను.

కొత్త తాళ్లు ఎక్కించడానికి చిన్న మేకును వంచి సన్నటి దారానికి కట్టి, కప్పీ మీదుగా గూటిలోకి వదిలాను. అది కిందికి జారగానే పట్టుకుని, దారం వెంట తాడును లాగాలి. కొత్త నూలు తాడు సాగుతుంది కాబట్టి, గుండు కట్టి ఒక రాత్రంతా వేలాడదీసి, ఉదయం పొడవు సరిచూసి కోశాను. కుడి వైపు మూటను కొత్త గుడ్డలో చుట్టాను. ఎడమ వైపు తాళాన్ని తుడిచి, నాన్న వేసిన ముడే వేసి, దాని చోట దాన్ని కట్టాను. గూడు మూత పెట్టే ముందు మా అమ్మాయిని పిలిచి చూపించాను. తాళాన్ని చేత్తో తాకింది. మూత మూశాను.

అన్నీ బిగించాక మళ్లీ అక్కకు ఫోను చేసి, ఫోనును కిటికీ గడప మీద పెట్టాను. రెండు వేళ్లతో చట్రాన్ని ఎత్తాను. తాడు గరగరలాడింది. గోడలో గుండ్లు దిగాయి. ఎడమ పక్క నుంచి టంగ్‌మంది. లోపలి గదిలోంచి అమ్మ "తెరిచావా?" అంది.

ఫోనులో అక్క గొంతు వణికింది.

"ఇంకోసారి ఎత్తరా."

దించి, మళ్లీ ఎత్తాను.